ఐపీ పెట్టినా పోని బాకీ

మనవైపు ఫలానావాడు ఐపీ పెట్టాడంటే ఊళ్లో తలెత్తుకోలేడు. అమెరికాలో అంత నామోషీ లేదు. చాప్టర్ 7 కింద కోర్టుకెక్కి క్రెడిట్ కార్డు బాకీలు, ఆసుపత్రి బిల్లులు వదిలించుకుని మళ్లీ షాపు తెరిచినవాళ్లు అక్కడ కొల్లలు. షరతులు కుదిరితే మూడేళ్లు దాటిన సొంత ఆదాయపు పన్ను కూడా రద్దవుతుంది. కానీ పనివాళ్ల జీతంలో పట్టుకుని కట్టకుండా వాడేసుకున్న పన్ను మాత్రం ఎంత పాతదైనా దివాలాతో పోదు. అక్కడ రెస్టారెంట్లు, గ్యాస్ స్టేషన్లు, ఐటీ కన్సల్టెన్సీలు నడిపే మనవాళ్లు మొదటిరోజే తెలుసుకోవలసిన సంగతి ఇది.

వంటమనిషికి వారానికి వెయ్యి డాలర్ల జీతమనుకోండి. సోషల్ సెక్యూరిటీకి 62, మెడికేర్‌కు 14.50 డాలర్లు పట్టుకోవాలి. ఆపైన ఫెడరల్ ఆదాయపు పన్ను. యజమాని తన వాటాగా ఇంకో 76.50 కలిపి అక్కడి పన్నుల శాఖ ఐఆర్ఎస్‌కు జమచేయాలి, మూడునెలలకోసారి 941 ఫారంలో లెక్క చెప్పాలి. పే స్టబ్ మీద కోత కనిపిస్తూనే ఉంటుంది, డబ్బు మాత్రం కట్టేదాకా వ్యాపారం ఖాతాలోనే ఉంటుంది. చిక్కంతా అక్కడే. అద్దె ఇవ్వకపోతే తాళం పడుతుంది, సరుకు బిల్లు ఆపితే రేపు లోడు దిగదు. ఐఆర్ఎస్ అంత త్వరగా తలుపు తట్టదు. ఈ నెలకి వాడుకుని వచ్చే నెల సర్దేద్దాంలే అనుకుంటారు. సర్దేవాళ్లు తక్కువ.

ఆ సొమ్ము ప్రభుత్వానిది, యజమాని దగ్గర ఉన్నది నమ్మకం మీద మాత్రమే అంటుంది చట్టం. అందుకే కంపెనీ మూతపడినా ఎల్ఎల్‌సీ (పరిమిత బాధ్యత సంస్థ) అన్న రక్షణ అడ్డుపడదు. పట్టుకుని కట్టని మొత్తం ఎంతో అంతా 6672 సెక్షన్ కింద పెనాల్టీగా మనిషి నెత్తిన పడుతుంది. ఎవరికి ముందు చెల్లించాలో తేల్చే అధికారం ఉండి, పన్ను బాకీ ఉందని తెలిసీ మిగతావాళ్లకు చెక్కులిచ్చిన వాళ్లెవరైనా దొరికిపోతారు.

కఠినమే. అయినా నేను తప్పుపట్టను. పట్టుకున్న పన్నును యజమాని మింగేసినా, కట్టినట్టుగానే పనివాడికి లెక్క రాస్తారు. ఆ లోటు భరించేది మిగతా జనమే. మన దివాలా చట్టం 36వ సెక్షన్ కూడా పీఎఫ్ సొమ్మును అప్పులవాళ్లకు పంచే ఆస్తిలో కలపనివ్వదు. నా అభ్యంతరమల్లా ఈ వల ఎంత వెడల్పుగా పడుతుందన్నదే. చెక్కుల మీద సంతకం పెట్టే భార్యకో, లెక్కలు చూసే బావమరిదికో కూడా నోటీసు రావచ్చు. బాధ్యత తమది కాదని రుజువు చేసుకోవలసిందీ వాళ్లే. యజమాని కట్టవద్దన్నాడన్న జవాబు కోర్టుల్లో చెల్లలేదు. మొహమాటానికి సంతకం అధికారం తీసుకోకండి.

ఇప్పటికే బాకీపడ్డవాళ్లు తమంతట తాము కట్టేటప్పుడు, పనివాళ్ల జీతంలో పట్టుకున్న పన్ను కిందే జమచేసుకోమని రాసి మరీ కట్టాలి. రాయకపోతే ఐఆర్ఎస్ తనకు లాభమైన పద్దులో వేసుకుంటుంది. పేరోల్ కంపెనీ చూసుకుంటుందిలే అనుకోవద్దు, వాళ్లు ఎగ్గొట్టినా బాధ్యత మీదే. పెనాల్టీ వేయబోతున్నామని ఉత్తరం వస్తే అప్పీలుకు గడువు 60 రోజులు. పెనాల్టీ ఖాయమయ్యాక వసూలుకు వాళ్లకు పదేళ్లుంటుంది. మీరు దివాలా కోర్టులో గడిపిన కాలం అందులో లెక్కకు రాదు, పైగా మరో ఆరు నెలలు కలుస్తాయి.