బాబాయి కొట్టుకి కావలసింది వెబ్‌సైటు కాదు

మన సాఫ్టువేరు జనాలకి ఒక జబ్బుంది. ఊళ్ళో బాబాయి "ఒరేయ్, మన కొట్టు కూడా నెట్లో కనపడేలా చెయ్యరా" అని అడగడమే పాపం, ముందు ఒక డొమైను కొనేస్తాం. శని, ఆదివారాలు కూర్చుని రియాక్టులో ఒక సైటు కట్టేస్తాం. స్క్రోలు చేస్తుంటే బొమ్మలు ఎగురుకుంటూ వస్తాయి. "మా గురించి" పేజీలో క్లయింటుకి రాసే రకం ఇంగ్లీషు. ఇన్‌స్టాగ్రాములో ఒక ఖాతా, మొదటి వారం నాలుగు పోస్టులు. సోమవారం నుంచి మన స్ప్రింటు మనది. బాబాయి ఫోను మాత్రం ఎప్పట్లాగే మోగదు.

మనం చేసేది మనకి సరదా అయిన పని, ఆయనకి పనికొచ్చే పని కాదు. నా గొడవంతా ఇదే.

పూతరేకుల కొట్టునే తీసుకోండి. ఆత్రేయపురం పూతరేకులకి 2023లో భౌగోళిక గుర్తింపు (జీఐ) కూడా వచ్చింది. రాజమండ్రిలో రైలు దిగినవాడు ఫోను తీసి "దగ్గర్లో పూతరేకులు" అని వెతికితే, సాధారణంగా ముందు కనపడేది మ్యాపూ, దాని కింద రెండు మూడు కొట్ల పేర్లూ. మీ రియాక్టు ఎక్కడో కింద! ఆ పేర్లలోకి ఎవరు రావాలో గూగుల్ ప్రధానంగా మూడు సంగతులు చూసి తేలుస్తుంది: వెతికినదానికి కొట్టు ఎంత సరిపోతుంది, ఎంత దూరంలో ఉంది, దానికి ఎంత పేరుంది. ఇది వాళ్ళ సహాయ పేజీల్లోనే ఉంది. ప్రకటనలు వేరే సంగతి గానీ, డబ్బు కట్టి ఈ వరసలో పైకెక్కడం కుదరదని కూడా అక్కడే రాశారు.

దూరం మన చేతిలో లేదు. మిగతా రెండిటికీ కావలసింది బిజినెస్ ప్రొఫైలు (2021 దాకా గూగుల్ మై బిజినెస్ అనేవారు). సరైన వ్యాపార రకం, తెరిచే వేళలు, ఎత్తే ఫోను నంబరు, కొట్టు ముందు నుంచి తీసిన ఫోటో, నిజంగా కొన్నవాళ్ళ సమీక్షలు. పైసా ఖర్చు లేదు. కానీ ఇందులో కోడు లేదు కదా, మనకి ఆనదు!

ఇంకో సంగతి. పూతరేకులని ఇంగ్లీషులో ఒకరు 'టి'తో రాస్తే ఇంకొకరు 'టీహెచ్' పెడతారు, ఒకరు 'యు' అంటే మరొకరు రెండు 'ఓ'లు. తెలుగులో ఒక్కటే స్పెల్లింగు. మనం కట్టిన సైటులో భూతద్దం పెట్టి వెతికినా ఆ ఒక్క మాట తెలుగులో ఉండదు. నోటితో అడిగి వెతికే జనం పెరిగారు, వాళ్ళు అడిగేది తెలుగులోనే.

ఇక గ్యారంటీ రాయుళ్ళు. "మొదటి పేజీ, మొదటి స్థానం, నెలకి ఇంత" అని ఫోన్లు చేస్తారు. మొదటి స్థానానికి ఎవరూ హామీ ఇవ్వలేరని గూగులే చెబుతోంది. వీళ్ళనని ఏం లాభం, మనమేం తక్కువా? టీములో నలభై మందికి లింకు పంపి, పూతరేకు మొహం చూడనివాళ్ళ చేత అయిదేసి చుక్కలు కొట్టిస్తాం. అది నిబంధనలకి విరుద్ధం, పైగా కొనేవాడికి మోసం. ఆ ప్రొఫైలు మీద చర్య తీసుకుంటే నష్టపోయేది బాబాయే.

అన్నిటికంటే ఘోరం తాళంచెవి సంగతి. ఆ ఖాతా ఎవరి జీమెయిలుతో తెరిచారు? మీదేనా? లేక ఏజెన్సీవాడిదా? వాడితో రేపు చెడితే ఏళ్ళ తరబడి పోగైన సమీక్షల కోసం వాడి గడ్డం పట్టుకోవాలి. డొమైనూ అంతే. అసలు యజమానిగా బాబాయి ఖాతా ఉండాలి, మనం మేనేజరుగా ఉంటే చాలు.

"ఆయనకి ఇవన్నీ ఏం తెలుస్తాయి" అనకండి. ఆయన రోజంతా క్యూఆర్ కోడు మీద డబ్బు తీసుకుంటున్నాడు, వాట్సాపులో ఆర్డర్లు రాసుకుంటున్నాడు. సంక్రాంతి సెలవు ఎక్కడ మార్చాలో పది నిమిషాల్లో నేర్చుకుంటాడు. నేర్పే ఓపిక లేనిది మనకి.

సోషల్ మీడియా వద్దనడం లేదు. కొరియర్లో పంపే పచ్చళ్ళకీ, చీరలకీ ఇన్‌స్టాగ్రాము బాగా అక్కరకొస్తుంది. పంక్చరు షాపుకెందుకండీ రీల్సు? పైగా అది అద్దె స్థలం. 2014లో ఆర్కుట్ పోయింది, 2019లో గూగుల్ ప్లస్ పోయింది, 2020 జూన్‌లో టిక్‌టాక్‌ని మన దేశంలో నిషేధించారు. బిజినెస్ ప్రొఫైలుతో ఉచితంగా ఇచ్చిన సైట్లని గూగుల్ 2024 మార్చిలో మూసేసింది. అంచేత కొన్నవాళ్ళ నంబర్లు, వాళ్ళు ఒప్పుకుంటే, కొట్లోనే ఒక పుస్తకంలో ఉండాలి. సైటు కావాలంటే తెలుగులో ఒక్క పేజీ, బాబాయి పేరు మీద డొమైను, చాలు.

ఈసారి ఊరెళ్ళినప్పుడు ల్యాప్‌టాపు సంచీలోంచి తియ్యకండి. బాబాయి ఫోను తీసుకుని, ఆయన పక్కనే కూర్చుని, ఆయన ఖాతాతోనే ప్రొఫైలు తెరవండి. ధ్రువీకరణకి వీడియో అడిగితే ఆయన చేతే తీయించండి. ఒక పూట పని. ఆ పూట కూడా లేదంటారా, అయితే సైటు కూడా కట్టకండి.