పుట్టగొడుగు వడపోత: అసలు ప్రశ్న తూము అవతల

చేపల చెరువు నీటిని పుట్టగొడుగు బూజుతో శుద్ధి చేయవచ్చంటున్న కథనాలు చెరువునూ, దాని నుంచి వెళ్లే మురుగునూ ఒకే గాటన కడుతున్నాయి. చెరువులో చేపకు పెద్ద ముప్పు అమ్మోనియా. దాన్ని నైట్రేట్‌గా మార్చే పని ప్రధానంగా బ్యాక్టీరియాది. పైగా ఈ వడపోతకు వాడే, బూజు పట్టించిన వరిగడ్డి సారం కొత్తలో నీటిలోకి దిగి ఆక్సిజన్‌ను లాగేస్తుంది. తెల్లవారుజామున ఏరేటర్లు ఆగకుండా కాపు కాసే రైతుకు ఇది అదనపు తలనొప్పి.

శిలీంధ్రాల సత్తా వేరే చోట ఉంది. కలపను కుళ్లబెట్టే జాతులు వదిలే లాకేజ్ వంటి ఎంజైములు కొన్ని యాంటీబయాటిక్స్‌ను, రంగులను విరగ్గొడతాయి. పట్టుబడి చివర్లో అడుగున మిగిలిన నీరు మేత, పెంట కలిసిన బురదతో నల్లగా డ్రెయిన్‌లో పడుతుంది. అతి చిక్కటి మురుగు అదే. ముందు దాన్ని ఒక కుంటలో నిలిపి, బురద దిగాక తేటను బూజు గడ్డి మీదుగా పంపితేనే ఫలితం ఆశించవచ్చు.

ఆ కుంట తవ్వాల్సిన బాధ్యత ఎవరిది? 2005 నాటి కోస్టల్ ఆక్వాకల్చర్ అథారిటీ చట్టం తన నిర్వచనంలోనే మంచినీటి సాగును మినహాయించింది. వనామీ రొయ్యకు మురుగు శుద్ధి తప్పనిసరి; కొల్లేరు చుట్టూ కట్ల, రోహు పెంచే చెరువులకు ఆ చట్టం వర్తించదు. అంతమాత్రాన వాటికి అడ్డే లేదనడం పొరపాటు. 1974 నాటి జల కాలుష్య నివారణ చట్టంలోని 24వ సెక్షన్ కాలుష్యకారక పదార్థాలను ప్రవాహాల్లోకి తెలిసి వదలడాన్ని నిషేధిస్తోంది. ప్రవాహమంటే నదే కాదు, మనిషి తవ్విన జలమార్గం కూడా. 1988 సవరణ తర్వాత వ్యర్థజలం నిర్వచనంలో పరిశ్రమతో పాటు ‘కార్యకలాపం, ప్రక్రియ’ కూడా చేరాయి. చేపల సాగు ఈ రెండింటిలోకీ రాదని వాదించడం కష్టం. 1996లో ఎస్.జగన్నాథ్ కేసులో సుప్రీంకోర్టు తీరప్రాంత రొయ్యల సాగును పరిశ్రమగానే చూసింది. మంచినీటి చెరువుకు వేరే తర్కం ఎందుకు?

కౌలు రైతు తన చెరువులో కొంత వదిలి కుంట తవ్వలేడన్న అభ్యంతరంలో నిజముంది. దానికి మందు మినహాయింపు కాదు, డ్రెయిన్ వారీగా ఉమ్మడి శుద్ధి కుంటలు. 2020లో ఆక్వాకల్చర్ డెవలప్‌మెంట్ అథారిటీ చట్టం తెచ్చుకున్న రాష్ట్రం లైసెన్సుకు ఈ షరతు పెట్టాలి. షరతే లేనప్పుడు బూజైనా, మరో వింత వడపోతైనా ప్రదర్శన శాలల్లోనే మిగిలిపోతుంది.