ఉద్యోగం వచ్చింది... నిలిచేదెలా?

ఆటిజం ఉన్న పిల్లలకు ఉద్యోగం రావడమే గొప్ప అనుకుంటాం. అసలు ఇబ్బంది చేరాకే మొదలవుతుంది. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం ప్రభుత్వ కొలువుల్లో వాటా ఇచ్చింది. అదీ ఆటిజం, మేధో వైకల్యం, డిస్లెక్సియా లాంటివి, మానసిక అనారోగ్యం, బహుళ వైకల్యం అన్నింటికీ కలిపి 1 శాతమే! పనిచోట తగిన సర్దుబాట్లు చేయాలనీ ఆ చట్టమే ప్రభుత్వ కార్యాలయాలకు చెబుతోంది.

అవేమంత ఖర్చైనవి కావు. పనిని నోటితో చెప్పి వదిలేయకుండా రాసివ్వడం, గోల లేని చోట సీటు, షిఫ్టు మారితే ముందే చెప్పడం. అయితే అడగాలంటే విషయం బయటపెట్టాలి. మా ఆస్పత్రికొచ్చే తల్లిదండ్రులు కొందరు సర్టిఫికెట్టే వద్దంటారు, పెళ్లి సంబంధాలు రావేమోనని. ఆ భయాన్ని తప్పుపట్టలేను. కానీ చెప్పకపోతే, ఎవరి ముఖం చూసి మాట్లాడని ఆ కుర్రాడు ఆఫీసులో పొగరుబోతు అనిపించుకుంటాడు.