పెరటి మడిలో రంగుల కోసుపువ్వు

పట్టణపు కూరగాయల అంగడిలో ఊదారంగు కోసుపువ్వును గాని, నారింజవన్నె పువ్వును గాని చూచినవారు మొదట వేయు ప్రశ్న "దీనికి రంగెవరు పూసిరి?" అనునది. ఆ సందేహమును మేము పరిహసింపము. మిఠాయిలకును, పచ్చి బఠాణీలకును రంగు వేసి యమ్ముదురని వినియున్నవారికి అట్టి సందేహము కలుగుట సహజమే. కాని సందేహించి యూరకుండుట వేరు, సందేహమును తీర్చుకొనుట వేరు. ఇంటి పెరటిలో ఒక చిన్న మడి కట్టి, ఆరు మొక్కలు నాటి, పువ్వు కట్టువరకు కనిపెట్టి చూచిన బాలునికి ఇక నెవరును చెప్పవలసిన పని యుండదు. కొలిమిగుండ్ల ప్రాంతమున నీటి వసతి గల ప్రతి యింటను ఈ ప్రయత్నము జరుగవలెనని మా అభిప్రాయము. అయితే దీనికై తోటకూర మడిని పెరికివేయరాదనియు అంతే గట్టిగా చెప్పుచున్నాము.

కాలీఫ్లవరని మనము వ్యవహరించు కోసుపువ్వు ఈ దేశపు మొక్క కాదు. 1822వ సంవత్సరమున జెమ్సన్ అను వైద్యుడు ఇంగ్లండులోని క్యూ తోటనుండి దాని విత్తనములను సహరాన్‌పూరులోని కంపెనీ తోటకు తెచ్చెను. తెల్లనిదే మనకు పరిచితమైనను, ఇటలీ దేశపు సిసిలీ ద్వీపమున ఊదాపువ్వు చిరకాలమునుండి పండుచున్నది. నారింజవన్నె పువ్వు కథ మరింత వింతైనది. 1970లో కెనడా దేశమున బ్రాడ్‌ఫర్డు అను చోట తెల్ల కోసుపువ్వు చేనిలో ఒక్క మొక్క మాత్రము నారింజవన్నె పువ్వు కట్టెను. అది చిన్నది, రుచియు అంతంతమాత్రము. అయినను దానిని పారవేయక దాచిరి. అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయపు శాస్త్రజ్ఞులు దానిని తెల్లపువ్వుతో పలుమారులు సంకరము చేసి మంచి రకములను సాధించిరి. ఆ వన్నెకు మూలమైన జన్యువేదియో 2006లో వెల్లడియయ్యెను. మన దేశమునందు ఢిల్లీలోని భారత వ్యవసాయ పరిశోధనా సంస్థవారును అట్లే సంకరము చేసి "పూసా బీటాకేసరి" యను రకమును 2015-16లో విడుదల చేసిరి. ఈ రకములలో ఎవరును రంగు పూయలేదు. ఊదాపువ్వునకు ఆ వన్నె నిచ్చు పదార్థము నేరేడుపండు జాతిదే. నారింజపువ్వులోనిది క్యారెట్టులోని కెరోటినే.

ఇచ్చట కొందరు ఉత్సాహవంతులు హద్దు మీరుదురు. రంగుపువ్వు సర్వరోగములకు మందనియు, దీనిని తినిన బిడ్డలకు రేచీకటి రాదనియు చెప్పుదురు. నిజము చెప్పవలెనన్న, తెల్లపువ్వులో కెరోటిను లేనట్లే. పూసా బీటాకేసరిలో కిలోకు 8 మొదలు 10 మిల్లీగ్రాములు కలదు. ఇది మేలే. కాని మన పెరటి మునగాకులోను, తోటకూరలోను అంతకు అనేక రెట్లు అధికముగా నున్నది. పైసా ఖర్చు లేని మునగచెట్టును నరికి, కొనుక్కొన్న విత్తనముతో కోసుపువ్వు పెంచువాడు తెలివైనవాడు కాడు. మరి దీని నెందులకు పెంచవలెను? ఆకుకూర యనగానే మొగము త్రిప్పుకొను బిడ్డ, తాను నీరుపోసి పెంచిన ఊదాపువ్వును అడిగి తినును. కూర తినుట నేర్పుటకు ఇంతకంటె సుళువైన మార్గము మాకు తోచలేదు.

మన ప్రాంతమున దీనికి ఎదురగు చిక్కులు రెండు. మొదటిది ఎండ. వేడిమి హెచ్చినచో పువ్వు గట్టిపడక విడిపోవును, నడుమ ఆకులు మొలచును. కావున సెప్టెంబరు కడపట నారు పోసి, నాలుగు వారములకు నారు తీసి మూరెడెడముగ నాటవలెను. అప్పుడు క్రిస్మసు సెలవులకు బిడ్డలు ఇంటనుండు చలిదినములలో పువ్వు తొంగిచూచి, సంక్రాంతి దాటిన పిమ్మట కోతకు వచ్చును. రెండవది నేల. బెలుం గుహలను తొలిచిన సున్నపురాయియే మన పొలముల క్రిందను గలదు. సున్నము హెచ్చిన నేలలో బోరాను మొక్కకు సరిగా అందదు. అందనిచో పువ్వు గోధుమవన్నెకు తిరిగి, కాడ లోపల డొల్లయగును. మాగిన దిబ్బ ఎరువు పుష్కలముగ వేసి, పది మొక్కలకు అరచెంచా వెలిగారమును ఒక బిందెడు నీళ్లలో కరిగించి ఒక్కసారి పోసిన చాలును. అంతకు మించిన మొక్కకు విషమగును.

తెల్లపువ్వు తెల్లగా నుండుటకు ఆకులను పైకి మడిచి కట్టుదురు. ఊదాపువ్వునకు ఆ పని కూడదు, ఏలయన వెలుతురు తగిలిననే దాని వన్నె చిక్కపడును. పురుగు విషయమున మాత్రము జాగరూకత వలయును. వజ్రపు మచ్చల రెక్కపురుగు ఈ జాతి పంటలకు పరమశత్రువు. దానికై చేలలో మాటిమాటికి మందులు కొట్టుదురు. అట్టి పువ్వే అంగడికి వచ్చి మన పళ్లెములోనికి చేరును. పెరటిలో ఆ యవసరము లేదు. మడి యంచున ముందుగా ఒక వరుస ఆవాలు చల్లినచో, పురుగు ఆవమొక్కలమీదికే మొదట పోవును. మిగిలిన పురుగులను ఉదయమున బిడ్డలే చేతితో ఏరవచ్చును. కోసుపువ్వు ఆవాల కుటుంబములోనిదే. సువార్తలోని ఆవగింజ ఉపమానమును ఆదివారమున విను మన బాలురు, ఆ గింజ చుట్టమును సోమవారమున పెరటిలో చూతురు గాక.

నీటికే కరవైన సీమలో ఇది విలాసము గాదాయని తల్లిదండ్రులు అడుగుదురు. ఆ ప్రశ్న న్యాయమైనది. త్రాగునీటికి మైలు నడుచు ఇంట దీనిని పెంచుమని మేము చెప్పము. కాని బియ్యము కడిగిన నీరు, కూరలు కడిగిన నీరు దినదినము వీధిలోనికి పోవు ఇండ్లు పెక్కు కలవు. ఆరు మొక్కలకు ఆ నీరే ఆధారము కాగలదు. విత్తనము ఖరీదనుటయు సత్యమే. సంకర విత్తనపు మొక్కనుండి తీసిన గింజ తల్లిని పోలదు; పైగా మన ఎండలకు ఈ మొక్క సరిగా గింజ కట్టదు. కావున నలుగురు పొరుగువారు కలిసి ఒక పొట్లము కొని నారు పంచుకొనుట యుత్తమము.

వంటింటి మాటయు రెండు చెప్పెదము. ఊదాపువ్వును ఎక్కువ నీటిలో ఉడికించిన వన్నె నీటిలోనికి దిగిపోవును. దానిని చూచియే పలువురు పూసిన రంగని భ్రమపడుదురు. ఆ నీటిని రెండు గిన్నెలలో పోసి, ఒకదానిలో చింతపండు పులుసును, రెండవదానిలో వంటసోడాను కలిపి చూడుడు. మొదటిది ఎఱ్ఱబారును, రెండవది నీలమై ఆకుపచ్చకు తిరుగును. ఇంతకు మించిన రసాయనశాస్త్ర పాఠము ఏ ప్రయోగశాలలోను లేదు. నారింజపువ్వును మాత్రము కొంచెము నూనెతో వండవలెను. నూనె లేనిచో కెరోటిను ఒంటికి సరిగా పట్టదు.

తుదకొక మాట. కెనడాలోని ఆ చేనిలో వన్నె మారిన మొక్కను చెడినదని పెరికివేసి యుండినచో నేడు ఈ పువ్వు లేదు. వరుసలో ఒదుగని మొక్కను పెరికివేయుటకు ముందు ఒక్క క్షణమాగి చూచు అలవాటు తోటమాలికి ఎంత యవసరమో, తల్లిదండ్రులకును, ఉపాధ్యాయులమైన మాకును అంతే యవసరము. ఈ సెప్టెంబరునందు మీ పెరటిలో మూరెడు చోటు చూచి మడి కట్టుడు. పువ్వు రాకపోయినను, ఎందుకు రాలేదో మీ బిడ్డ చెప్పగలిగిన, మీరు పోసిన నీరు వ్యర్థము కానట్లే.