తేలిక గదికి లోతు పునాది

అద్దాల గోడలు, అద్దాల కప్పు, లోపల మొక్కలు, మధ్యన రెండు పేము కుర్చీలు. చలిదేశమైన బ్రిటన్‌లో ఎండ కోసం ఇంటిని ఆనించి కట్టుకునే కన్సర్వేటరీ మన నగరాల్లోని సొంతింటివారినీ ఊరిస్తోంది. అద్దం, ఫ్రేము ఎంచుకోవడానికి వారాలు పడుతుంది. పునాది సంగతి మాత్రం అయిదు నిమిషాల్లో తేలిపోతుంది. "దీనికి బరువెక్కడిది? రెండడుగుల గుంత చాలు" అంటాడు మేస్త్రీ. యజమాని తలూపుతాడు.

గట్టి మొరం నేలలో ఆ లెక్క చాలావరకు నడుస్తుంది. బెడిసికొట్టేది నల్లరేగడిలోనే. మహారాష్ట్ర, మధ్యప్రదేశ్, గుజరాత్, కర్ణాటకల నుంచి తెలంగాణ, కర్నూలు, గుంటూరు దాకా ఉన్న ఈ నేల వానకు ఉబ్బుతుంది, ఎండకు కుంచించుకుపోయి నెర్రెలిస్తుంది. రెండంతస్తుల ఇల్లు తన బరువుతో ఆ ఉబ్బును కొంత అణచగలదు. అద్దాల గదికి ఆ బరువు లేదు. ఇల్లు ఉన్నచోటే ఉంటే, గది ఏటా లేస్తూ దిగుతూ ఉంటుంది. ముందు తలుపు బిగుసుకుంటుంది, తర్వాత అతుకుల్లోంచి వాన కారుతుంది, చివరికి పలక పగులుతుంది. అది కప్పులోని పలకయితే కింద కూర్చున్నవారికే ముప్పు.

బ్రిటన్‌కూ ఈ పాఠం తేలిగ్గా దొరకలేదు. 1976 కరవులో అక్కడి బంకమట్టి ఎండి కుంగడంతో వేలాది ఇళ్లు బీటలు వారాయి. ఆ తర్వాతే బంకమట్టి నేలల్లో పునాది దాదాపు మీటరు లోతుండాలన్న పద్ధతి స్థిరపడింది.

నేల స్వభావాన్ని పట్టిచ్చే ప్రామాణిక పరీక్ష చాలా సులువు. ఎండబెట్టి జల్లించిన మట్టిని పదేసి గ్రాముల చొప్పున రెండు కొలత గొట్టాల్లో వేసి, ఒకదాంట్లో నీళ్లు, రెండోదాంట్లో కిరసనాయిలు పోస్తారు. కిరసనాయిలులో మట్టి ఉబ్బదు. ఒకరోజు తర్వాత నీటిలోని మట్టి దానికన్నా సగానికి మించి ఎక్కువగా పొంగితే జాగ్రత్తపడాలి.

రేగడి పొర నాలుగైదు అడుగులే అయితే దాన్ని తీసేసి కింది మొరంపై పునాది నిలపడం మేలు. లోతుగా ఉంటే, రూర్కీలోని కేంద్ర భవన పరిశోధన సంస్థ అభివృద్ధి చేసిన అండర్ రీమ్‌డ్ పైల్ ఉంది. సన్నగా తవ్విన గుంతను అడుగున గడ్డలా వెడల్పు చేసి, కడ్డీలు దించి కాంక్రీటు నింపుతారు. గడ్డ వెడల్పు సాధారణంగా పైల్ వ్యాసానికి రెండున్నర రెట్లు. సుమారు మూడున్నర మీటర్ల లోతున, వానా ఎండా అంతగా చేరని మట్టిలో అది లంగరులా పట్టుకుంటుంది. పైళ్లను కలిపే బీము కింద కొన్ని అంగుళాలు ఖాళీ వదిలితే ఉబ్బిన మట్టి దాన్ని పైకి తన్నదు. గచ్చు కింద కూడా రేగడి తీసి మొరం దట్టించాలి.

కొత్త గదిని పాత గోడకు సిమెంటుతో అతికించడం మరో పొరపాటు. మధ్యన అంగుళం సందు ఉంచి సాగే సీలెంటుతో మూస్తే, ఒకటి కదిలినా రెండోదాన్ని లాగదు. కప్పు మీది వాననీరు పునాది పక్కన పడకుండా గొట్టంతో దూరంగా పంపాలి. చుట్టూ ఏటవాలు చప్టా వేయాలి. వేర్లు నీటిని లాగేసే పెద్ద చెట్లు దగ్గర్లో ఉండకూడదు.

మట్టి పరీక్షకూ ఇంజనీరుకూ అయ్యే ఖర్చు అద్దాల ధర ముందు చిన్నదే. పగిలిన అద్దాన్ని మార్చుకోవచ్చు. గది లేచాక దాని కింద పునాదిని మార్చడం మాత్రం మళ్లీ కట్టుకోవడమే.