జిన్నూ, పచ్చిమిరపకాయా, మన కారం గొప్పలూ

ఇంట్లో కారం జిన్ కాక్‌టెయిల్ చేసుకునేవాళ్ళకి నేను చెప్పేది ఒకటే: రెసిపీలో ఉన్న మిరపకాయల లెక్కని నమ్మకండి.

ఆ రెసిపీలు చాలావరకు అమెరికావాళ్ళు రాసినవి. వాళ్ళు వేసేది హలపేన్యో. కారాన్ని కొలవడానికి 1912లో విల్బర్ స్కోవిల్ అనే ఫార్మసిస్టు ఒక కొలత పెట్టాడు. దాని ప్రకారం హలపేన్యో 2,500 నుంచి 8,000 దాకా ఉంటుంది. మన గుంటూరు సన్నాలు 35,000 పైమాటే! హలపేన్యో అన్నచోటల్లా సన్న పచ్చిమిర్చి వేసేస్తే, మైళ్ళని కిలోమీటర్లనుకుని ప్రోగ్రాం రాసినట్టే. పైగా మన పచ్చిమిర్చికి ఒక పద్ధతంటూ లేదు. పావుకిలో కొంటే అందులోనే ఒక కాయ చప్పగా ఉంటుంది, పక్క కాయ చెవుల్లోంచి పొగలు తెప్పిస్తుంది.

మరి దేన్ని నమ్మాలి? గడియారాన్నీ, నాలుకనీ. కారానికి మూలమైన కాప్సైసిన్ నీళ్ళలో దాదాపు కరగదు, ఆల్కహాల్లో మాత్రం సుబ్బరంగా కరుగుతుంది. మన దేశంలో అమ్మే జిన్ చాలామటుకు 42.8 శాతం ఆల్కహాల్. అంచేత మిరపకాయని గ్లాసులో వేసి నలపక్కర్లేదు, ముందే జిన్‌లో నానబెడితే చాలు.

180 మి.లీ. జిన్ ఒక గాజు సీసాలో పొయ్యండి. ఒక పచ్చిమిరపకాయని నిలువుగా చీల్చి, గింజలు అంటుకుని ఉండే తెల్లటి పొర తీసేసి (అసలు కారం ఉండేది అక్కడే, గింజల్లో కాదు) అందులో వెయ్యండి. పది నిమిషాల తరవాత అర చెంచా రుచి చూడండి. కారం కాస్త ఆలస్యంగా తెలుస్తుంది కాబట్టి అర నిమిషం ఆగి నిర్ణయించండి. చాలకపోతే ఇంకో ఐదు నిమిషాలు. చాలనిపించగానే వడగట్టెయ్యాలి. ఎక్కువైతే మామూలు జిన్ కలిపితే సరి, అదే గ్లాసులో కలిపేశాక ఎక్కువైతే దారి లేదు.

ఇక ఒక గ్లాసుకి: ఈ జిన్ 60 మి.లీ., నిమ్మరసం 20, పంచదార పాకం 20, నలిపిన కీర దోసకాయ ముక్కలు నాలుగు, చిటికెడు ఉప్పు. ఐసు దండిగా వేసి పదిహేను సెకన్లు గిలక్కొట్టి, వడగట్టి, పైన కాస్త సోడా.

ఇంత జాగ్రత్త దేనికంటారా? జిన్ అంటే జునిపర్ కాయల వాసన. దాని తరవాత అందులో ఎక్కువగా పడేది, నమ్మండి నమ్మకపోండి, మన ధనియాలే. ధనియాలకీ నిమ్మకాయకీ పచ్చిమిర్చికీ ఎంత పొత్తో మన వంటింట్లో ఎవర్నడిగినా చెప్తారు. ఆ పొత్తు తెలియాలంటే కారం ఒక మూల కూర్చోవాలి. నాలుక మండిపోయాక జిన్ పోస్తేనేం, కిరసనాయిలు పోస్తేనేం!

"మనం తెలుగువాళ్ళం, కారం మనకో లెక్కా" అనే పెద్దమనుషులతోనే నా పేచీ అంతా. కారం పెంచుతారు, అది తగ్గడానికి పంచదార పెంచుతారు. ఆ రెండిటి చాటున మందు ఘాటు తెలియదు. 60 మి.లీ. అంటే దాదాపు 20 గ్రాముల ఆల్కహాల్, చాలా దేశాల లెక్కలో రెండు డ్రింకులు. నిమ్మసోడాలాగా గటగటా తాగి మూడో గ్లాసు అడిగిన అతిథి, ఆ తరవాత బండి తాళాల కోసం వెతుక్కుంటాడు. కాబట్టి కొలతగ్లాసు వాడండి, తాళాలు ముందే తీసి పెట్టుకోండి. తాగనివాళ్ళకి జిన్ లేకుండా అదే నిమ్మ-కీర-సోడా ఇవ్వండి, బలవంతం చెయ్యకండి. నోరు మండినవాళ్ళకి మంచినీళ్ళు కాదు, మజ్జిగ ఇవ్వండి.

కారం తట్టుకోవడం పందెం కాదండీ. మొదటి గుక్క తాగినవాడు నీళ్ళకోసం చూడకుండా రెండో గుక్క తాపీగా తాగాడంటే, మీకు చెయ్యడం వచ్చినట్టే. ఏమంటారు?