పానా మనకు, స్కానర్ వాళ్లకా?

ఐటిఐ చదివిన మన పిల్లలకు డిజిటల్ నైపుణ్యం లేదనే మాట ఈమధ్య బాగా వినిపిస్తోంది. కంపెనీ వాడూ అదే అంటాడు, శిక్షణ ఇచ్చే అధికారీ అదే అంటాడు. చేతిపని వచ్చు గానీ కంప్యూటర్ ముందు బుర్ర పనిచేయదట! ఇందులో సగం నిజం ఉంది. ఆ సగాన్ని తయారుచేసిందెవరని మేం అడుగుతున్నాం.

డీజిల్ మెకానిక్ సంగతే చూడండి. ఇంజను చప్పుడు విని జబ్బు చెప్పేవాడు. పొగ రంగు చూసి లోపమెక్కడో పట్టేవాడు. లక్షణం చూడ్డం, కారణం ఊహించడం, ఒక్కొక్కటీ పరీక్షించి కానిదాన్ని పక్కన పెట్టడం. సమస్యను పరిష్కరించడమంటే ఇదే గదా! 2020 ఏప్రిల్ 1 నుంచి దేశమంతా బీఎస్-6 బండ్లొచ్చాయి. పొగ తగ్గితే మంచిదే. కానీ బండి నిండా సెన్సర్లు పెరిగాయి. ఇప్పుడు స్కానర్ పెట్టి కోడ్ చదవాలి. ఆ కోడ్ ఫలానా సెన్సర్ వైపు వేలు చూపిస్తుంది, అంతే. సెన్సరే చెడిందా, వైరు తెగిందా, ఇంజనులోనే లోపముందా అన్నది మనిషే తేల్చాలి. అక్కడ కావల్సింది మన మెకానిక్ బుర్రే. అయినా స్కానర్ వాడి చేతికివ్వరు. వాడు నట్లు విప్పుతాడు, స్కానర్ పట్టుకున్నోడు జీతం ఎక్కువ తీసుకుంటాడు.

ప్రభుత్వం ఏమీ నేర్పలేదా? నేర్పింది. 2017లో పీఎంజీదిశ పథకం పెట్టి 6 కోట్ల పల్లె కుటుంబాల్లో ఇంటికొకరికి డిజిటల్ అక్షరాస్యత ఇస్తామంది. 2024 మార్చి 31న పథకం ముగిసేసరికి 6.39 కోట్ల మందికి శిక్షణ ఇచ్చామని లెక్క చెప్పింది. మనిషికి ఎంతసేపు? 20 గంటలు! ఫారం నింపడానికీ, డబ్బు పంపడానికీ అది చాలొచ్చు. ఆ ఫారం ‘ఎర్రర్’ అని మొరాయిస్తే ఏం చేయాలో నేర్వడానికి చాలదు. మీట నొక్కడం వేరు, మీట పనిచేయనప్పుడు ఆలోచించడం వేరు. మొదటిది నేర్చినవాడు కంపెనీకి గిరాకీ అవుతాడు. రెండోది నేర్చినవాడు పనిమంతుడవుతాడు.

ధనిక దేశాల కూటమి ఓఈసీడీ 2011లో పెద్దవాళ్ల నైపుణ్యాల సర్వే మొదలుపెట్టి, కంప్యూటర్ మీద సమస్యలిచ్చి చూసింది. చదివింది బాగా అర్థం చేసుకోగలిగినవాళ్లే అక్కడా ముందున్నారు. అంటే మీట నొక్కడం ఎంత నేర్పినా చదువు పునాది లేకపోతే నిలవదు. మన వాడ బడిలో పంతుల్ని ఉంచనిదెవరు? చేతిపని పిల్లోడికి పుస్తకమెందుకన్నదెవరు? కులం విడదీసింది పనిని కాదు, పనిచేసే మనుషుల్నని బాబాసాహెబ్ 1936లోనే తేల్చాడు. చెయ్యి ఒకడిది, తల ఇంకొకడిది అనే ఆ పాత గీతే ఇవాళ స్కానర్ దగ్గర కనబడుతోంది.

2024లో తెలంగాణ ప్రభుత్వం టాటా టెక్నాలజీస్‌తో కలిసి 65 ఐటిఐలను కొత్త సాంకేతిక కేంద్రాలుగా మార్చే పని పెట్టుకుంది. రోబోలు, సీఎన్‌సీ మిషన్లు రావడాన్ని మేం స్వాగతిస్తాం. కానీ వాటిని మన పిల్లలు ఎన్ని గంటలు ముట్టుకుంటారో లెక్క చెప్పాలి. మిషను ఆగిపోతే విప్పి చూడనిస్తారా, సారు వచ్చేదాకా దూరంగా నిలబెడతారా? ముట్టనివ్వని మిషను ఊరబావి లాంటిదే.

మా డిమాండ్లు సూటిగా ఇవి. మిషన్ల పుస్తకాలు, కోడ్ పట్టికలు తెలుగులో ఇవ్వాలి. పరీక్షలో టిక్కులు పెట్టించడం కాదు, చెడిపోయిన వస్తువిచ్చి బాగుచేయమనాలి. పదేళ్ల కింద ఐటిఐ చదివి పనిలో ఉన్నవాళ్లను మళ్లీ పిలిచి, కూలి పోకుండా భత్యమిచ్చి కొత్త పని నేర్పాలి. డబ్బు లేదంటారా? ఆంధ్రలో 2013 సబ్‌ప్లాన్ చట్టం, తెలంగాణలో 2017 ప్రత్యేక అభివృద్ధి నిధి చట్టం ఉన్నాయి. అవి మన పేరు మీద ఉన్న పైసలు.

సంఘం పనిచేసే తమ్ముళ్లూ, అక్కలూ! ప్రభుత్వం ఇచ్చేదాకా చేతులు కట్టుకోకండి. ఆదివారం అంబేద్కర్ భవనం తలుపు తీయండి. పాడైన ఫోన్లు, మోటార్లు తెచ్చి పెట్టండి. పనొచ్చిన పెద్దోళ్లను, చదువొచ్చిన పిల్లల్ని ఒకేచోట కూర్చోబెట్టండి. ఆడపిల్లల్ని ముందు వరసలో కూర్చోబెట్టండి. ఒకరికి చప్పుడు తెలుసు, ఇంకొకరికి కోడ్ తెలుసు. ఇద్దరూ కలిసి ఒక్క బండి జబ్బు పట్టినా, మనకు బుర్ర లేదన్నోడికి అదే జవాబు.